టోకెన్ నెంబరు రెండొందల పన్నెండు

చిత్తూరు పెద్దాసుపత్రి. జూన్ నెల, నైట్ డ్యూటీ.
మంచాలు నిండి వరండాలో చాపలు పరిచినాం.
స్టాండ్లు చాలక కిటికీ ఊచలకు
సెలైన్ సీసాలు తగిలించినాం.
ఊరంతా తోతాపురి వాసన,
వార్డంతా ఫినాయిల్ వాసన,
రెండూ కలిసే చోట, తలుపు పక్క చాప మీద,
చెంగల్రాయులు.

గుడిపాల దారిలో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
మూడు రోజులు ట్రాక్టరు మీదే ఉన్నాడంట.
ఆ ఎండలో, ఏ కొళాయి నీళ్లు తాగినాడో,
కళ్లు గుంటల్లోకి పోయినాయి.
చేతి మీద తోలు గిల్లి వదిలితే
గిల్లిన చోట గిల్లినట్టే నిలబడిపోయింది.
జేబులో నాలుగు మడతల కాగితం:
టోకెన్ నెంబరు రెండొందల పన్నెండు.

ప్యాకెట్ చించి లీటరు నీళ్లలో కలిపినా.
"ఈ ఉప్పదనమేంది సిస్టర్,
ఒట్టి చక్కెర నీళ్లు ఇయ్యరాదా?"
ఇచ్చేదాన్నే. నీ పేగు ఒప్పుకోదే.

చెంచాకీ చెంచాకీ నడుమ చెప్పినా:
పేగులో ఒక్కో కణానికీ ఒక గోడ ఉండాది,
రెండు వరసల కొవ్వుతో పలచగా అలికింది.
ఊపిరిలో గాలయితే ఎవర్నీ అడక్కుండా దూరిపోతుంది.
చక్కెరకు ఆ యోగం లేదు, గేటు కావాల.
గేటు కాడ వాచ్‌మన్ మొండోడు.
రెండు ఉప్పులు చెరో చెయ్యీ పట్టుకుని తెస్తేనే
చక్కెరను లోపలికి వదుల్తాడు.
చక్కెర లేకుండా ఉప్పొచ్చినా అంతే, నిలబడు అంటాడు.
నీళ్లా? నీళ్లకు టోకెన్ లేదబ్బా.
వాళ్లు పోయిన దోవనే, పిలవకుండానే,
తలొంచుకుని వెనకాల పోతాయి.

"ఓ, అదా.
మా ఆడది మాగాయకు ఉప్పేసి పెడితే
తెల్లారేసరికి ముక్కలు ఏడ్చేసి ఉంటాయి,
జాడీ అడుగున నీళ్లు."
అదే, అదే అన్నా.
నవ్వబోయి వాంతి చేసుకున్నాడు.
పది నిమిషాలు ఆగి
మళ్లీ మొదటి చెంచా.

రెండింటప్పుడు పైకప్పు చూస్తా అడిగినాడు:
"నా కాయకు ఉప్పెవరు సిస్టర్?
బ్రోకరు చెయ్యి పట్టుకుంటే గేటు తీస్తారు నిజమే,
లోపలికి పోయేలోగా
పట్టుకున్న చెయ్యిని మోచేతి దాకా తినేస్తాడే."
నాకు జవాబు దొరకలేదు.
నర్సింగ్ స్కూల్లో మాకు చెప్పిన ఉప్పు
కమీషను అడిగేది కాదు.

ఒక సంగతి అప్పటికి చెప్పనేలేదు.
గేటు ఊరికే పనిచేయదు.
కణం వెనక గోడలో పంపు ఒకటి ఉండాది.
మూడు ఉప్పుల్ని బయటికి తోసి
రెండు పొటాషియాల్ని లోపలికి లాక్కుంటుంది.
తోసిన ప్రతిసారీ తిన్న తిండిలోంచి బలం ఖర్చు.
రాత్రనక, పండగనక, నువ్వు స్పృహ తప్పినా సరే
అది తోస్తానే ఉంటుంది.
అది ఆగిపోయిందనుకో,
గేటు ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు,
లోపలికి పోవాల్సిన పనే ఎవరికీ ఉండదు.

చెప్పబోతా ఉంటే ఫోన్ మోగింది.
అవతల ఇంజను చప్పుడు మీద కుప్పమ్మ గొంతు:
"నూటా తొంభై ఎనిమిది పిలిచినారు.
రెండు బండ్లు ముందుకు జరిపినా.
క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఎగిరి పడతా ఉండాది,
ముందు బండికి తగిలింది, వాడు తిట్టినాడు.
నేనూ తిట్టినా.
నువ్వు తాగతా ఉండావా లేదా?"

తాగినాడు.
గ్లాసు తనే పట్టుకుని.
పంపు సంగతి నేను చెప్పనే లేదు.

ఐదున్నరకు, పాలబండి హారన్ వినపడేటప్పుడు
గోడ పట్టుకుని వెళ్లి
గోడ వదిలేసి తిరిగొచ్చినాడు.
"పోయినా సిస్టర్" అన్నాడు సిగ్గుపడతా,
"బాగానే పోయినా."
చార్టులో టైము వేసి, మూత్రం అని రాసి,
కింద గీత గీసినా, గట్టిగా.
చేతి మీద తోలు మళ్లీ గిల్లినా.
నిదానంగానే,
దిగిపోయింది.