నాలుగు సెకన్లు

కోఠిలో కొన్న డిస్కు. బిల్లుంది.
నూట నలభై తొమ్మిది. సీతాఫలాల సంచిలో పడి
అంకెలు అలుక్కుపోయాయి గానీ, ఉంది.

గంటా పదిహేడో నిమిషం దగ్గర గీత పడింది.
సరిగ్గా అక్కడే మా పోచమల్లు
హీరో వెనకాల నిలబడి చాయ్ తాగుతాడు,
నాలుగు సెకన్లు.
కృష్ణానగర్‌లో నాతో గది పంచుకున్న మనిషి.
ఇంకెక్కడా ఫొటో దిగలేదు, పోయేదాకా.

చెనాయ్ ట్రేడ్ సెంటర్ రెండో అంతస్తులో
అఫ్రోజ్ డిస్కుని లైటు కింద తిప్పి చూశాడు.
"కాపీ సొంతానికా, అమ్మనీకా?"
సొంతానికే అన్నాను.
ఆ మాట నాకే కొత్తగా వినబడింది.

కింద ఇరానీ హోటల్లో వకీలు సుగుణాకర్
ఉస్మానియా బిస్కెట్ విరుస్తూ అన్నాడు:
"ఇంట్లో చూసుకోడానికైతే
చట్టం చూసీచూడనట్టు పోవచ్చు.
కానీ లోపల తాళం వేసుంటారు. అది విరగ్గొడితే
ఇంకో సెక్షన్. వాదించొచ్చు,
రెండు వైపులా."
సగం బిస్కెట్ చాయ్‌లో మునిగిపోయింది.

డబ్బా వెనక చదివాను. సర్వహక్కులూ వాళ్ళవే.
ఆ రోజు పోచమల్లుకి ఇచ్చింది
మూడొందల యాభై, ఒక పులిహోర పొట్లం.
సంతకం కూడా తీసుకోలేదు.

మళ్ళీ పైకెక్కేసరికి
అఫ్రోజ్ షట్టర్ సగం దించేశాడు.
"ఏమన్నడన్నా?"
"రెండూ అన్నాడు."
వంగి, షట్టర్ కిందనుంచి
చెయ్యి చాపాడు.