మూడింటికి గద మేడం

పొద్దుగాల పదిన్నరకు ఒకటి పోతది,
పగటీలి ఒంటిగంటన్నరకు ఇంకొకటి.
ఏడువందల కిలోమీటర్ల పైనుంచి
గోదావరిఖనిని చెరొక చూపు చూసి
ఎవల తొవ్వన వాళ్లు పోతరు.

హన్మకొండల మూడో అంతస్తు గది.
నా కంప్యూటర్ల ఖని అంటే తొమ్మిది గడులు.
ఒక్కో గడి ఒక కిలోమీటరు.
నడిమి గడిల ఓపెన్‌కాస్టు అంచున్నది,
లారీలు ఆగే కాంటా,
మిర్చీబజ్జీల బండి, సర్కారు బడి,
దుర్గం సుదీక్ష వాళ్ల రేకుల ఇల్లు.
అన్నిటికి కలిపి ఒక్కటే అంకె:
సున్నా పాయింటు ఆరు రెండు.
నేల ముట్టకముందే వెలుగు
ఎంత మసకబారిందో చెప్పే లెక్క అది.

వానకాలం గడులు తెల్లగుంటయి.
మబ్బు అడ్డం.
'సమాచారం లేదు' అని రాసి
ముందటి నెలకు పోత.

నెలకోసారి పొద్దుగాలి రైలెక్కి బడికి పోత.
సంచిల ఊదుడు గొట్టం, అట్ట మూతులు నలభై,
ఎత్తు కొలిచే టేపు.
"చాయ మీద ఊదినట్టు గాదు,
పొయ్యి ఊదినట్టు ఊదాలె" అన్న.
పిల్లలు మొఖమొఖాలు చూసుకున్నరు.
గ్యాసు వచ్చినంక పుట్టినోళ్లు.
బెలూను అంటే సమజైంది.

మనితేజ రెండువందల నలభై. చప్పట్లు.
సుదీక్ష నూటయాభై.
మళ్ల ఊదింది, నూటనలభై.
మూడోసారి కండ్లు మూసుకొని,
బెంచీ అంచు పట్టుకొని ఊదింది,
నూటఅరవై.
మూడిట్ల పెద్దదే రాసుకోవాలె.
మా లెక్కల ఇన్ని నియమాలల్ల
దయ ఉన్నది అదొక్కటే.

దగ్గు ఆగినంక అడిగింది:
"మేడం, అది మమ్మల్ని చూస్తదా?"
చూస్తది.
"ఏ టైముకు?"
చెప్పిన.
వేళ్లు ముడిసి ఏదో లెక్క పెట్టుకుంది.
"బ్లాస్టింగు మూడింటికి గద మేడం."

ఆ దినం నేను మూడింటి దాక ఉన్న.
సైరన్ మొగింది.
చెప్పకుండనే పిల్లలు కిటికీలేసిండ్రు.
మనితేజ నీళ్ల బిందె మీద మూత పెట్టిండు.
నేల ఒక్కసారి కడుపుల కదిలింది,
బోర్డు మీది సుద్దముక్క దొర్లి కింద పడ్డది.
కొంచెం సేపటికి గోడ అవతల నుంచి
గోధుమరంగుది లేసింది,
తొందరేం లేనట్టు,
రోజూ వచ్చే చుట్టం లెక్క.

రెండో కన్ను అప్పటికి ఏడున్నదో,
ఏ మంచు మీదనో, ఎవరి చేన్ల మీదనో.

నా రిపోర్టుల 'పరిమితులు' అని
నాలుగు పేజీలు రాసిన.
మబ్బుల గురించి రాసిన,
గడి సైజు గురించి రాసిన.
తొమ్మిదేండ్ల పిల్ల
మూడు వేళ్ల మీద చెప్పింది మాత్రం అండ్ల లేదు.

వచ్చేటప్పుడు నా సంచిలున్న
రెండువందల పేజీల నోటుబుక్కు ఇచ్చి వచ్చిన.
ఏం రాయాలె అన్నది.
నీకు కనపడ్డది అన్న.

మొన్న పోస్టుల వచ్చింది.
గీతలు కొట్టి, గడులు తనే గీసుకుంది.

"మూడు అయిదు. పెద్దగ వచ్చింది.
అమ్మ బట్టలు లోపలేసింది.
ఏడు దగ్గులు నాయి.
తమ్ముడియి లెక్కపెట్టలే, పండుకున్నడు."

"ఆదివారం. సైరన్ లేదు. రెండే."

"రాత్రి లారీలు. నిద్రల ఎన్నో తెల్వది. అమ్మనడగాలె."

చివరి పేజీల ఆగస్టు పద్నాలుగు.
నా తెర మీద తెల్లగ ఉన్న దినం:
"మబ్బున్నది. అయినా మొగింది.
ఎనిమిది. పెన్ను అయిపోయింది,
మిగిలినయి రేపు రాస్త."