పదిహేడు వేల అడుగులు

రోడ్డు దాటితే సముద్రం.
ఉప్పుగాలికి మా ఇనుప ర్యాకులు
ఏడాదికో పొర రాలుస్తాయి.
లిఫ్టు మాత్రం ఏప్రిల్ నుంచి
రెండో అంతస్తు దగ్గర నోరు తెరుచుకుని నిలబడింది.

జూలై మాకు ఆరోగ్య మాసమన్నారు.
మంగళవారాలు పత్రికల హాల్లో బల్లలు జరిపించి
గట్టిగా ఊపిరి పీల్చమన్నారు.
పీల్చాం.
తొంభై ఏళ్ల గెజిట్ల దుమ్ము
హోదాతో పనిలేకుండా అందరికీ అందింది.
బైండింగు రాజమాణిక్కం తుమ్మి తుమ్మి
శవాసనంలో నిజంగానే నిద్రపోయాడు.
లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు,
నెలాఖరుకి రిటైరవుతున్నాడు కదా.

తర్వాత చేతిపట్టీలు పంచారు, అడుగులు లెక్కపెట్టేవి.
పర్మనెంటు వాళ్లకే. సంతకం పెట్టి తీసుకోవాలి.
నాది మొదటిరోజు రెండు వేల వంద చూపించింది,
క్యాంటీనుకి మూడుసార్లు పోయిరావడంతో కలిపి.
కేటలాగు మనిషిని నేను.
పుస్తకాలు నా దగ్గరికొస్తాయి,
నేను వాటి దగ్గరికి పోను.

వాటిని మోసుకొచ్చేది దేశమ్మ.
వ్యాసర్పాడి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది, కాంట్రాక్టు.
మూడో అంతస్తు చివర తెలుగు:
ఎనిమిది వందల తొంభై నాలుగు పాయింటు ఎనిమిది రెండు ఏడు.
దేశమ్మ లెక్కలో అది
పావురం గూడు పెట్టిన కిటికీ పక్కది.

"ఏంది మా ఇది, గడియారమా? టైము చూపించదే?"
"నడిస్తే ఎంత నడిచామో చెప్తుంది."
"దానికి ఇది ఎందుకు మా, కాళ్లు చెప్తాయి గదా."

నవ్వులాటకే ఆమె చేతికి కట్టాను.
సాయంత్రం నాలుగున్నరకి
పదిహేడు వేల నాలుగు వందల పన్నెండు.
మర్నాడు ఇంకా ఎక్కువ,
ఎవరో పరిశోధక విద్యార్థి పాత సంచికలన్నీ దింపించి
రెండు పేజీలు ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.
నవ్వులాట నెలంతా సాగింది.

ఆగస్టులో సిబ్బంది వార్తలు నోటీసు బోర్డెక్కాయి.
కలైసెల్వన్‌కి ప్రమోషను.
సులోచన గారికి మనవరాలు, తల్లీబిడ్డా క్షేమం.
రాజమాణిక్కం ముప్ఫై మూడేళ్ల సేవ, శాలువాతో ఫోటో.
అడుగుల పోటీలో ప్రథమురాలు శ్రీమతి వకుళ, కేటలాగు విభాగం.
కింద నా ముఖం, పాస్‌పోర్టు సైజు,
మోకాళ్లు పడనంత మేరకి.

టీ దగ్గర డైరెక్టరు అడిగారు, రహస్యం ఏమిటని.
మెట్లు, అన్నాను.
అబద్ధం కాదు.

నిజం చెప్దామని రెండుసార్లు ఆయన గది దాకా పోయాను.
యూనివర్సిటీ సొత్తు ఆ మనిషి చేతికెలా వెళ్లిందంటారు.
జీతాల పుస్తకంలో ఆమె పేరు లేదు,
కాంట్రాక్టరు పేరూ, తలలెన్నో ఆ అంకే ఉంటాయి.
ఒక తల తగ్గించడం ఎంతసేపు?
రెండుసార్లూ వెనక్కొచ్చాను.
ఆ నెలలో నేను నడిచిన అడుగులంటే అవే.

బహుమతి నీలం రంగు యోగా చాప, ఒక స్టీలు సీసా.
రెండూ దేశమ్మకిచ్చాను.
సీసా కొడుక్కి పెట్టింది.
చాప విప్పి, నొక్కి చూసి,
బైండింగు కత్తి అడిగి ఒక మూర కోసుకుంది.
మడిచి భుజం మీద వేసుకుంది.
అట్టల మూలలు అక్కడే గుచ్చుకుంటాయట.
ఎనిమిదేళ్లుగా.
నేనెప్పుడూ అడగలేదు.
మిగతా చాప రాత్రి వాచ్‌మన్ పరుచుకుంటున్నాడు.

పట్టీ తిరిగిచ్చేసింది,
చెమటకి దద్దురు లేస్తోందని.

ఇవాళ పొద్దున ఒక్క పుస్తకం కోసం
మూడో అంతస్తుకి నేనే ఎక్కాను.
రెండుచోట్ల ఆగి, గోడ పట్టుకుని.
పట్టీ కింద సొరుగులో ఉంది.
కిటికీ దగ్గర పావురం
నన్ను చూడగానే గూడు వదిలి ఎగిరిపోయింది.
దేశమ్మ వస్తే కదలదట.