వాలుగ దవడ

అసిరమ్మ నోరు తెరిస్తే
అంగిలి మీద తెల్లటి మచ్చ, నడుమ ఎర్రటి పుండు.
చుట్ట నిప్పు లోపలికి పెట్టి పీలుస్తుంది.
'అడ్డపొగ' అని కేసుషీట్లో రాశాను.
నిప్పు నోట్లో ఎందుకమ్మా అంటే
"రాట్నం కాడ రెండు సేతులూ పనిలో ఉంటాయి కదేటి,
రవ్వ పత్తి మీద పడకూడదు" అంది.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మెట్ల కింద గది,
ఒక మైక్రోస్కోపు, కుంటి స్టూలు.
మినపగింజంత ముక్క తీసి మైనంలో దాచాను.
ఆవిడ ఆర్నెల్లే ఉంది.
ముక్క నా దగ్గర ఉండిపోయింది.

రంగు వేసి చూస్తే
గడ్డ చుట్టూ టీ కణాలు,
బస్సు ఆగని స్టాపులో జనంలా.
లోపలికి ఒక్కటీ వెళ్ళలేదు.
ఎందుకు?
జీతం, జుట్టు, కళ్ళజోడు నంబరు
అన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే మారాయి.

సంతకం కోసం ఒకసారి పొందూరు వెళ్ళాను.
అసిరమ్మ కూతురు తవిటమ్మ
వాలుగ చేప దవడ పట్టుకుని పత్తి దువ్వుతోంది.
ఎంత సన్నటి పళ్ళో ఆ చేపకి!
పోగు నిలుస్తుంది, నుసి రాలుతుంది.
చెయ్యి బరువైతే పోగు తెగుతుంది,
తేలికైతే నుసి ఉండిపోతుంది.

రొమ్ముఎముక వెనక థైమస్ అని ఒక గ్రంథి,
దానిదీ ఇదే పని.
తనవాళ్ళని కరిచే కణాన్ని చంపేస్తుంది,
ఎవరినీ గుర్తుపట్టని కణాన్నీ బతకనివ్వదు.
నూటికి రెండో మూడో బయటపడతాయి.
ఇంత ఏరి పంపినవి
గడ్డ ముందు చేతులు కట్టుకుని నిలబడటమేమిటి?

తర్వాతి సంగతులు వరసగా చెప్పలేను.
ఎలకల్లో గెలిచాను, మనుషుల్లో ఓడాను.
'నమూనాలు తక్కువ' అని పత్రికవాళ్ళు తిప్పి పంపారు.
అవి ఎక్కువ కావాలని నేనెలా కోరుకోను?
తిత్లీ వచ్చి కరెంటు పోయాక
మైనస్ ఎనభై ఫ్రీజరు ఐదో రోజుకి నీళ్ళతొట్టి.
పదకొండేళ్ళ రక్తం బకెట్లతో పారబోశాం.
మైనం ముక్కలకి మాత్రం కరెంటుతో పని లేదు.

కణం ఒంటి మీద బ్రేకు ఉంటుందని,
గడ్డ దాన్ని తొక్కిపట్టి ఉంచుతుందని
ఎక్కడో ఎవరో నాకన్నా ముందు కనిపెట్టారు.
ఏడవలేదని అబద్ధం చెప్పను.
ఆ పేపరు రెండుసార్లు చదివి
మూడోసారికి పెన్సిలు తీసుకున్నాను.

మొన్న వేసవిలో తవిటమ్మ వచ్చింది.
అదే మచ్చ, అదే చోట.
బ్రేకు వదిలించే మందు, మూడు వారాలకో సీసా.
నాలుగో సీసాకి పుండు మానడం మొదలైంది.
ఐదో సీసాకి పేగులు వాచాయి,
కదిలిన కాపలా ఇంటివాళ్ళ మీద పడింది.
చెయ్యి బరువైంది.
మందు ఆపాం, స్టెరాయిడ్లు ఇచ్చాం, కనిపెట్టుకు కూర్చున్నాం.
పుండు ఇంకా చిన్నదవుతోంది.
ఎంతకాలం అని అడక్కండి.

నిన్న తనే అడిగింది:
"మాయమ్మ ముక్క ఉందా, పారేసినారా?"
ముప్పై రెండేళ్ళ గాజుపలక పెట్టి
స్టూలు కుంటికాలి కింద అట్టముక్క దోపి కూర్చోబెట్టాను.
ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.
ఇందులో అమ్మేది అంటుందేమోనని
జవాబు వెతుక్కుంటున్నాను.

"ఏటమ్మా, అంచులో ఇన్ని గింజలున్నాయి,
ఎవలూ ఏకనేదు" అంది.
కుడిచెయ్యి గాలిలో కదిలింది,
దవడ పట్టుకున్నట్టు.

పొందూరు బస్సు అయిదుంపావుకి.
తను వెళ్ళాక దీపం ఆర్పలేదు.
తవిటమ్మ చూసిన చోటే పలక కదలకుండా ఉంచి
అంచు నుంచి
మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.