రిమార్కుల గడి

పగలంతా పోర్టు వేబ్రిడ్జి మీద
లారీలు తూస్తాను.
నిండు బండి, ఖాళీ బండి, మధ్య తేడా బొగ్గు.
చీటీ చింపి డ్రైవరు చేతికిస్తే
నా బొటనవేలి నలుపు కూడా దానితో పోతుంది.

రాత్రి పెదజాలారిపేట మేడ మీద
రెండు వందల మిల్లీవాట్లు తూస్తాను.
టార్చిలైటు బల్బుకైనా చాలని కరెంటు.
నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ మూల ఇనప గొట్టం దాకా
ఇరవై మీటర్ల రాగితీగ.
ఉప్పుగాలికి ఆర్నెల్లకోసారి పచ్చబడుతుంది,
గీకితే మళ్లీ ఎర్రబడుతుంది.

సరి నిమిషం రాగానే
తీగలోకి నాలుగు స్వరాలు వదులుతాను,
ఒకదానికొకటి వెంట్రుకవాసి దూరంలో.
నూట పది సెకన్లు.
అంతసేపూ చెప్పేది మూడే ముక్కలు:
నా పిలుపు పేరు,
నేనున్న గడి, ఎన్‌కె పదిహేడు,
నా బలం ఎంత తక్కువో.
బాగున్నారా అని ఉండదు. ఉంటాను అని ఉండదు.
దీన్ని విస్పర్ అంటారు.

ఎవరు విన్నారో తెల్లారి చూసుకుంటాను.
సింహాచలం కొండల వెనక పొద్దు దిగిన కాసేపటికి
పడమట ఎవరో తలుపు గొళ్లెం తీస్తారు.
మాఘంలో ఒక వేళకి, వైశాఖంలో ఇంకో వేళకి.
పైన ఆ కనపడని పొర
లేస్తుంది, పలచబడుతుంది, కుంగుతుంది.
ఎవరూ వినని రాత్రుల్ని కూడా రాస్తాను.
ఖాళీ లారీని తూయకుండా
బొగ్గెంతో ఎవరు చెప్పగలరు?

కింది వాటా నూకరత్నం
కవళ్లు ఎండేయడానికి పైకొస్తుంది.
"ఎవులితోటి మాటాడతన్నావు?"
"మాట్లాడటం లేదు. ఎక్కడిదాకా వెళ్తుందో చూస్తున్నాను."
"మా బోటు వైర్లెస్సైతే గొంతు చించుకుంటాది.
నీదేటి, మూగ మేళం!"
ఒకసారి తడిచీర తీగ మీదే ఆరేసింది.
ఆ పూట సిలోన్ కూడా నన్ను వినలేదు.
రిమార్కుల గడిలో రాశాను:
చీర. నేత. ముదురు నీలం.

పంపడం తేలిక. వినడమే కష్టం.
సందు చివర కొత్త ఎల్‌ఈడీ దీపం,
ఆవిడ ఇడ్లీపిండి గ్రైండరు,
ఇంటికి నాలుగేసి ఫోన్ చార్జర్లు,
ఊరు ఊరంతా నా తెర మీద
పసుపు బూజులా పడుతుంది.

ఏప్రిల్లో ఒక రాత్రి, ఒకటిన్నరకి,
ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది.
లాసన్స్ బే దాకా చీకటి.
ఇళ్లలోంచి ఒకే ఉసూరుమన్న నిట్టూర్పు.
బ్యాటరీ మీద నా రేడియో ఒక్కటే మేలుకుని ఉంది.
తెర చప్పున నల్లబడింది.
ఆగిపోయిందనుకున్నాను.
ఆగింది అది కాదు, ఊరి రొద.

చాప చంకలో, మనవడు భుజాన,
నూకరత్నం మెట్లెక్కి వచ్చింది.
అప్పుడే ఆ నలుపులో ఒక గీత,
గోరు ఆనించి తీసేసినంత.
రెండు నిమిషాలు ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ఆవిడెందుకు బిగబట్టిందో నాకు తెలీదు.

వరుస పడింది.
మడగాస్కర్‌కి ఇవతల ఏదో చిన్న దీవి.
మైనస్ ఇరవై తొమ్మిది.
గాలి చప్పుడులో
ఎనిమిది వందలో వంతు గొంతు.

"ఆడెవుడు?"
"తెలీదు."
"మనకి ఇనబడ్డాదని ఆడికి తెలుస్తాదా?"
"నెట్టు లేదు కదా. కరెంటొస్తే తెలుస్తుంది."
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, చెమటకి పైటతో విసురుకుంటూ,
"పోన్లే, నెమ్మదిగా రానీ" అంది.

నాలుగింటికి వచ్చింది.
ఫ్యాన్లు లేచాయి. కట్టకుండా వదిలేసిన గ్రైండరు
కింద గుర్రుమంది.
తెర నిండా బూజు, దీవి మునిగిపోయింది.
సరిగ్గా అప్పుడే
నా దగ్గరున్న ఆ ఒక్క వరుస
అతని వైపు బయల్దేరింది.

రిజిస్టరు తీసి రాశాను.
ఏడు మెగాహెర్ట్జ్. మైనస్ ఇరవై తొమ్మిది.
రిమార్కులు:
కరెంటు లేదు.
నూకరత్నం ఉంది.