గ్రిమ్స్‌బీలో తీపులు

ఫారంలో పదకొండు గడులు.
ఏక్, సోర్, స్టింగ్, బర్నింగ్, నంబ్…
ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలట.
నేను దుబాసీని. గంటకి పద్దెనిమిది పౌండ్లు,
బస్సు ఛార్జీలు నావే.

ఎదురుగా మైలపల్లి దానమ్మ.
రెండు చేతులూ బల్ల మీద పరిచింది.
అమ్మకానికి పెట్టిన చేపల్లా అని రాయబోయాను గానీ
చేపల్ని ఆమె అంత నిర్లక్ష్యంగా పరవదు.
హ్యాడక్ ముళ్ళు తీసే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
మంచు మీద చేతులు, మూడేళ్ళుగా.

ఫిజియో పేరు మోరీన్. తొందర లేని మనిషి.
"ముట్టుకుంటే పలికేది సోర్.
ఎవరూ ముట్టకపోయినా
తనలో తను గొణుక్కునేది ఏక్.
స్టింగ్ కందిరీగ లాంటిది, వచ్చి పోతుంది.
స్మార్ట్ అని ఇంకోటుంది,
గీసుకున్న చోట ఉప్పునీళ్ళు తగిలితే…"
స్మార్టా?
మా హాస్టల్లో అది
ఫస్టు ర్యాంకు కుర్రాళ్ళకొచ్చే జబ్బు.

మెట్టు మెట్టుగా తెలుగులోకి దిగాను.
సలుపా అమ్మా? పోటా? మంటా?
తిమ్మిరా, చిమచిమా, జివ్వుమంటోందా?
కలుక్కుమని పట్టేస్తోందా?
ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది,
బేరం కుదరని మనిషిలా.
"తీపులు బాబూ. తీపులు.
రేత్రి తొంగుంటే మరీని."

తీపు.
నెల్లూరు హాస్టల్లో, ఇంగ్లీషు మీడియంలో
కాచి వడబోసిన తెలుగు నాది.
అందులో తీపంటే మలైకాజా.
"స్వీట్" అన్నాను మోరీన్‌తో, నమ్మకంగా.
ఆవిడ కళ్ళజోడు సర్దుకుని
"షుగరేమో" అంది.
మిషను వచ్చింది, సూది వచ్చింది,
దానమ్మ చూపుడువేలి మీద చుక్క నెత్తురు.
"సురుక్కుమంది" అంది.
అదొక్కటీ నాకు తెలుసు: స్టింగ్.
నేను పెట్టించిన నొప్పికి
నేనే పేరు పెట్టగలిగాను.

షుగరు ఐదు పాయింట్ నాలుగు. ఏ లోటూ లేదు.

అప్పుడు దానమ్మ నా మణికట్టు పట్టుకుంది.
తడితాడు పిండినట్టు మెల్లగా లాగింది,
వదిలింది, మళ్ళీ పట్టింది.
"ఇలాగ.
లోపల్నించి ఎవులో తీస్తన్నట్టు.
తీస్తే తీపు."
ఏ నిఘంటువూ
ఇంతవరకు నా చెయ్యి పట్టుకుని చెప్పలేదు.

ఫారం అడుగున పదకొండో గడి: టెండర్.
నాకు టెండరంటే రోడ్డు కాంట్రాక్టు,
లేదా కొబ్బరిబోండాల బండి మీద బోర్డు.
"నొక్కితే నొప్పెట్టే చోటు" అంది మోరీన్.
"లేత మాంసం కూడా.
పసిబిడ్డ తల నిమిరే తీరు కూడా."
అంటే వీళ్ళకీ ఉందన్నమాట,
గాయాన్నీ గారాన్నీ
ఒకే కొంగున ముడేసుకున్న మాట!
ఆశగా పెన్ను తీశాను.
మోరీన్ ఆపింది.
"అది నొక్కితేనే కదా.
ఈమెకి నొక్కకుండానే."

చివరికి ఏక్ గడిలోనే టిక్కు.
పక్కనున్న ఖాళీలో
నాచేత మూడుసార్లు పలికించుకుని
మోరీన్ రాసుకుంది: తీపులు.
డీప్‌లో ఉన్నట్టే రెండు ఈలు పెట్టి.

బయట రేవు గాలి. చేపల వాసన.
చేతులు చంకల్లో దాచుకుని
దానమ్మ గబగబా నడిచిపోయింది.
షిఫ్టు ఎనిమిదింటికి.

బస్సులో, ఆమె పట్టుకున్న చోట
నా మణికట్టు ఇంకా…
ఏమనాలి దాన్ని?
ఆ గడులన్నీ వెతికాను.
మా అమ్మమ్మ వాడే మాటలు కొన్ని తడిమాను,
సగం దొరికాయి, సగం జారాయి.

దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.