రిమార్కులు: రెండు లైన్లు

కాటేదాన్‌లో రేషన్ షాపు మీది గది.
కింద బియ్యం తూకం, "వేలిముద్ర పడ్తలేదు, మళ్ళ పెట్టు" అని డీలర్ కేకలు.
పైన నేను,
రెండు కుర్చీలు, బల్ల, స్టాప్‌వాచ్,
పెట్టె నిండా చెక్క మేకులు.
వెలుతురు అందరికీ ఒకేలా ఉండాలని కిటికీకి దుప్పటి కట్టాను.
వాసనకి కట్టే దుప్పటి దొరకలేదు.
రెండు గల్లీల అవతల పాత బ్యాటరీలు కరుగుతున్నాయి.

ఇవాళ నాలుగో పాప.
ఫారం మీద 0217.
వాళ్ళమ్మ పిలిస్తే ముడావత్ సిరి.
మోచేతి మడతలో దూది, దాని మీద టేపు.
నెత్తురు కింద ఇచ్చేసి వచ్చింది,
నాకు నలభై నిమిషాలు బాకీ.

ముందు తల్లిని అడగాల్సినవి అడిగాను.
నాన్న పని బట్టలు ఎవరు ఉతుకుతారు?
"నేనే. ఇది తొక్కుతది. టబ్బుల నిలబడి తొక్కుడంటే దీనికి మస్తు ఇష్టం."
గడిలో టిక్కు పెట్టాను.

ఇక్కడ నేను పలికే మాటలు నావి కావు.
మూడు వందల మందికీ అవే మాటలు, అదే గొంతు,
ఒక్క అక్షరం కూడా ముద్దుగా వంగకూడదు.
"శభాష్" అనకూడదు. "ఊహూ" అనకూడదు.
మొహం తుడిచిన పలకలా ఉండాలి.
అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పించారు,
పిల్లలు అక్షరాల కన్నా ముందు మొహాలు చదువుతారని.

మేకులు గుంతల్లో పెట్టమంటే
బియ్యంలో రాళ్ళేరే చేతులు, చకచకా పెట్టేసింది.
ఎడమ చేతి వంతు వచ్చేసరికి నాలుక బయటికొచ్చింది.
నాలుకకి ఫారంలో గడి లేదు.

తర్వాత అంకెలు. నేను చెప్పినవి వెనక నుంచి చెప్పాలి.
"ఉల్టానా?" అంది.
ఆ చిన్న మాట నా కాగితం మీది పెద్ద వాక్యం కన్నా బాగుంది.

ఆరు. రెండు. తొమ్మిది.

పెదవులు కదిలాయి, చప్పుడు లేదు.
అరచేతిలో గడియారం చీమలా పాకుతోంది.
ఏడు సెకన్లు. తొమ్మిది.
పెదవి మీంచి ఒక ముక్క జారిపడింది: "చో."
వెంటనే గబగబా, "తొమ్మిది రెండు ఆరు."
ఒప్పు. పదకొండు సెకన్లు.

చో అంటే?
తలుపు దగ్గర తల్లి నవ్వింది.
"ఆరు, మేడం. మా బోలీల."

భాష గడిలో తెలుగు, ఉర్దూ, హిందీ. మూడే ఉన్నాయి.
బడిలో తెలుగు కదా అని తెలుగుకి టిక్కు పెట్టించింది.
నా అంకెల్ని ఆ పిల్ల తన ఇంటికి తీసుకుపోయి,
అక్కడ తిరగేసి,
మళ్ళీ తెలుగు చేసి తెచ్చిచ్చింది.
ఆరాంఘర్‌లో దిగి ఇంకో బస్సెక్కినట్టు.
నేనేమో ఒకే బస్సుకి టైం రాసుకున్నాను.

ఆ పదకొండులో
భాష తీసుకున్నవి ఎన్ని, సీసం తీసుకున్నవి ఎన్ని?
ఒక్క పిల్లతో తేలదు, అంటుంది మా వైదేహి మేడం.
ఒక్క పిల్ల ఒక్క చుక్క.
నిజమే. చుక్కలు కలిసి గీత అయితేనే,
ఆ గీత ఎవరో పెద్దమనిషి బల్ల మీద పడితేనే,
ఆ కొలిమి ఆరుతుందేమో.
నాకు గీతల మీద నమ్మకం ఉంది.
చుక్క మాత్రం నా ఎదుట కూర్చుని కాళ్ళూపుతోంది.

"నేను పాసైననా?"
"ఇందులో పాసూ ఫెయిలూ ఉండవు."
అదీ రాసిచ్చిన మాటే.
"మరి గడియారం ఎందుకు?"
దానికి ఎవరూ ఏమీ రాసివ్వలేదు.

రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చి పంపాను.
మెట్లు దిగుతూ ఉల్టా లెక్కపెడుతోంది,
నో, ఆట్, సాత్, చో...
ఎక్కడా ఆగలేదు.
బొటనవేలు దానంతటదే మీట మీదికి పోయింది.
నొక్కలేదు.

రిమార్కులకి రెండు లైన్లు.
"ఇంటి భాష లంబాడీ" అని మొదటి దాంట్లో.
"కింద షాపులో గోల" అని రెండో దాంట్లో.
టబ్బులో నిలబడ్డ పాదాలు ఎక్కడా పట్టలేదు.

0218 తుమ్ముకుంటూ పైకొస్తోంది.
పలక తుడుచుకున్నాను.